బొమ్మగుర్రానికి గుగ్గిళ్ళు

కారు పందాల వీడియో ఆటలను గురించి తెలుగువారి సంభాషణల్లో స్థిరపడిపోయిన తీర్పు ఒకటున్నది. నిజమైన కారును ఎంత పోలి ఉంటే ఆట అంత గొప్పదట. పోలిక తగ్గినకొద్దీ అది పిల్లల వ్యవహారమట. ఈ తీర్పునిచ్చేవారు దానికి రుజువు అవసరమని కూడా అనుకోరు. నీరు పల్లమెరుగునన్నంత సహజంగా అనేసి ముందుకు సాగిపోతారు. కాని ఈ మాట పరీక్షకు నిలిచేది కాదు. వాస్తవికతను, ఆనందాన్ని ఒకే తాడుతో కట్టి, మొదటిదాన్ని లాగితే రెండవది దానంతటదే వెంట వస్తుందని నమ్మడం ఇందులోని మౌలికమైన పొరపాటు. వీడియో ఆటలంటే బొత్తిగా ఆసక్తి లేని సాహిత్యపాఠకులు కూడా ఈ పొరపాటును పట్టించుకోవలసిన కారణమున్నది. కథ చదివి పుస్తకం మూసి, "ఇలా నిజంగా జరుగుతుందా?" అని మాత్రమే అడిగి ఊరుకునే విమర్శ కూడా ఈ తానులో ముక్కే.

ఎరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్ నగరం ఈ వాదాన్ని దగ్గరగా చూడటానికి అనువైన చోటు. ఇంటెల్ కర్మాగారాల చుట్టూ పెరిగిన ఈ ఊళ్ళో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటి గరాజుల్లో ఒక వింత కనబడుతుంది. జూలై నెలలో నలభై అయిదు డిగ్రీల ఎండకు నిజమైన కారు వాకిట్లో మాడుతుంటుంది. లోపల ఏసీ చల్లదనంలో అబద్ధపు కారు కొలువై ఉంటుంది. ఇనుప చట్రం మీద పందెపు కారు సీటు, ఎదుట మూడు తెరలు, చేతుల్ని విదిలించి కొట్టగల మోటారు బిగించిన స్టీరింగ్, కాలి బరువును కొలిచే బ్రేకు పెడల్. దీని యజమాని దీన్ని ఆట అనడు, "సిమ్" అంటాడు. హాల్లో సోఫా మీద కూర్చుని మారియో కార్ట్ ఆడుకునే కొడుకును చూసి, "అది ఆట, ఇది డ్రైవింగు" అని అతిథులకు విడమరచి చెబుతాడు. ఈ వ్యాసం ఆ తండ్రి మాట మీద. ఆ కొడుకు తరఫున.

ముందుగా ఆ తండ్రి పక్షానికి దక్కవలసిన గౌరవం దక్కాలి. అనుకరణలో ఎంత శ్రమ ఉన్నదో తెలియనివారు దాన్ని ఎగతాళి చేయడం అన్యాయం. 1989లో పాపిరస్ సంస్థ ఇండియానాపోలిస్ 500 పందాన్ని ఆటగా మలచినప్పుడే డేవిడ్ కేమర్ తెర మీది కారుకు చట్రపు సర్దుబాట్లు, టైర్ల వేడిమి వంటి విషయాలను చేర్చాడు. అదే సంస్థ 1998లో వెలువరించిన గ్రాండ్ ప్రీ లెజెండ్స్ 1967 నాటి ఫార్ములా వన్ కార్లను ఎంత నిష్ఠగా అనుకరించిందంటే, కొన్నవారిలో చాలామంది మొదటి మలుపు కూడా దాటలేకపోయారు. కేమర్, జాన్ హెన్రీ కలిసి స్థాపించి 2008లో జనానికి అందించిన ఐరేసింగ్‌లో పందెపు బాటలను లేజరు కిరణాలతో కొలిచి, తారులోని మిట్టపల్లాలతో సహా దించుతారు. చాండ్లర్‌కు పడమటగా ఎవొండేల్‌లో ఉన్న ఫీనిక్స్ రేస్‌వే కూడా అలా కొలతలిచ్చి తెరకెక్కినదే. ఇదంతా తపస్సు వంటి పని. దాన్ని కాదనేవారెవరూ లేరు.

అయితే ఆ తపస్సు దేన్ని గురించి అన్నది అడగవలసిన ప్రశ్న. వాస్తవికతకు ఆయువుపట్టని చెప్పుకొనే టైరు గణితాన్నే తీసుకోండి. డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు హాన్స్ పసేకా పేరుతో ప్రసిద్ధమైన సూత్రం ఆ రంగంలో దశాబ్దాలుగా రాజ్యమేలుతున్నది. దాని పేరే "మాయాసూత్రం". రబ్బరు అణువుల స్వభావం నుంచి తర్కించి పుట్టించిన సూత్రం కాదది. ప్రయోగశాలలో కొలిచిన అంకెల మీదుగా చక్కగా కూర్చునే వంపుగీత. టైరు ఎందుకు అలా ప్రవర్తిస్తుందో అది చెప్పదు, ఎలా ప్రవర్తించిందో చెబుతుంది. ఇంజనీరుకు అది చాలు. కాని "ఇదే నిజం, తక్కినదంతా బొమ్మలాట" అని గరాజులో గర్జించేవారు, తమ నిజానికి గుండెకాయ వంటి చోట ఒక బొమ్మే ఉన్నదని తెలుసుకుంటే కాస్త నెమ్మదిస్తారు.

ఇంతకన్న పెద్ద సంగతి, ఈ అనుకరణ వదిలివేసినవాటిది. పందెపు కారులో కూర్చున్న మనిషికి కారు నడక ముందుగా కళ్ళ ద్వారా తెలియదు. లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు, వాటి పక్కనే ఉన్న సూక్ష్మమైన సున్నపురాళ్ళ సంచులు, మెడ కండరాలు, నడుము, పిరుదులు ముందు చెబుతాయి. కళ్ళు ఆ తరువాత ఒప్పుకుంటాయి. ఫార్ములా వన్ కారు బ్రేకు తొక్కినప్పుడు చోదకుడి తల తన బరువుకు నాలుగైదు రెట్లు బరువెక్కి ముందుకు తూలుతుంది. గరాజులోని సీటు మీద ఈ బరువు లేదు. ఇంటి సీటు ఎంత ఊగినా క్షణకాలపు కుదుపును ఇవ్వగలదే గాని, పొడుగాటి మలుపులో శరీరాన్ని ఒక పక్కకు అదిమిపట్టే బలాన్ని ఇవ్వలేదు. కళ్ళు వేగమంటాయి, చెవి నిశ్చలమంటుంది. ఆ తగాదా ముదిరినవారికి కడుపులో తిప్పుతుంది. అంటే, శరీరం సాక్ష్యం చెప్పే మొదటి న్యాయస్థానంలోనే "నిజం" అన్న దావా కొట్టివేయబడుతుంది.

వదిలివేసిన రెండవది భయం. చాండ్లర్ ప్రజలకు ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు. ఊరి అంచున గిలా రివర్ ఇండియన్ కమ్యూనిటీ భూమిలో, ఒకప్పుడు ఫైర్‌బర్డ్ అని పిలిచిన పందెపు బాటల ఆవరణలో, 1990 నుంచి బాబ్ బాండురాంట్ తన డ్రైవింగు పాఠశాలను నడిపాడు. ఆ పాఠశాల పుట్టుకే ఒక ప్రమాదం నుంచి వచ్చింది. 1967లో వాట్కిన్స్ గ్లెన్ పందెంలో గంటకు సుమారు 150 మైళ్ళ వేగంతో పోతుండగా అతని కారు స్టీరింగ్ భాగం విరిగింది; కారు పల్టీలు కొట్టింది; కాళ్ళు, వీపు దెబ్బతిన్నాయి. మంచం మీద కోలుకుంటూ చేసిన ఆలోచన 1968లో పాఠశాల అయింది. అంతకు ముందే, 1966 నాటి "గ్రాండ్ ప్రీ" చలనచిత్రానికి అతడు నటులకు కారు నడపడం నేర్పాడు. ఆ మనిషి జీవితంలో నిజం ఎక్కడ మొదలైందో, అనుకరణ ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించవచ్చు. స్టీరింగ్ విరిగినప్పుడు మళ్ళీ మొదలుపెట్టే మీట లేని చోట మొదలైంది నిజం.

మూడవ లోపం వ్యాపారం తెచ్చిపెట్టినది. 1997 డిసెంబరులో జపానులో విడుదలైన గ్రాన్ టురిస్మో తనను తాను "అసలైన డ్రైవింగ్ సిమ్యులేటర్" అని ప్రకటించుకున్నది. కజునోరి యమౌచి బృందం కార్ల బరువును, గేర్లను, రంగులో మెరిసే వెలుగును కూడా అపురూపంగా చిత్రించింది. కాని ఆ అసలైన లోకంలో కారు గోడను ఎంత బలంగా గుద్దినా సొట్ట పడదు. ఆ వరుసలో కార్లు దెబ్బతినడం 2010లో వచ్చిన ఐదవ భాగం దాకా ఆగింది. కారణం ఊహించడం కష్టం కాదు. తమ కారు నుజ్జునుజ్జయిన రూపంలో తెర మీద కనబడటం ఏ తయారీదారుకు ఇష్టం? అందుకే 2004 నాటి బర్నౌట్ మూడవ భాగంలో, ఏ కంపెనీ పేరూ లేని కల్పిత కార్లే తునాతునకలయ్యాయి. చిత్రమేమంటే, లోహం వంగుతుంది, అద్దం పగులుతుంది అన్న నిజాన్ని చెప్పినది పిల్లతనపు ఆట; దాన్ని దాచినది అసలైన సిమ్యులేటర్. భారతదేశపు రోడ్ల మీద 2022లో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణాశాఖ లెక్క. గుద్దుకోవడం తెలియని కారును వాస్తవమని పిలిచేవారు కార్ల దుకాణపు అద్దాల గదినే లోకమనుకుంటున్నారు.

ఇంకొక మెలిక కూడా ఉన్నది. తెలుగువారిలో పందెపు కారును కళ్ళారా చూసినవారెందరు? ఒక ప్రపంచస్థాయి మోటారు పందెం తెలుగునేల మీద మొదటిసారి జరిగినది 2023 ఫిబ్రవరి 11న, హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఫార్ములా ఈ పేరుతో. మరుసటి ఏడు అది లేదు. కాబట్టి, గరాజు సిమ్‌ను చూసి "అచ్చం నిజంలాగే ఉన్నది" అనేవారిలో అధికులు దాన్ని దేనితో పోల్చి అంటున్నారు? టీవీతో. ఎండ కెమెరా అద్దం మీద పడితే వచ్చే వెలుగు చుక్కలు, వాన కెమెరా మీద పడితే జారే నీటిబొట్లు, మలుపు మలుపుకూ మారే దృక్కోణాలు ఈ ఆటల్లో శ్రద్ధగా చిత్రించి ఉంటాయి. ఇవి కంటికి సంబంధించినవి కావు, కెమెరా లోపాలు. కెమెరా లోపాన్ని కూడా పొల్లుపోకుండా అనుకరించిన చోట జనం "ఆహా, నిజం!" అంటున్నారంటే, వారు కోరుతున్నది వాస్తవం పోలికను కాదు, తమకు అలవాటైన ఇంకొక బొమ్మ పోలికను.

ఈ చిక్కును భారతీయ ఆలంకారికులు వెయ్యేళ్ళ క్రితమే విప్పారు. పైగా వారికి ఆధారమైన ఉపమానం కూడా ఒక వాహనానిదే కావడం విశేషం. భరతుని రససూత్రాన్ని వ్యాఖ్యానిస్తూ శ్రీశంకుకుడు చిత్రతురగ న్యాయాన్ని తెచ్చాడు. గోడ మీది గుర్రపు బొమ్మను చూసి "ఇది గుర్రం" అంటారు. ఆ జ్ఞానం నిజమూ కాదు, భ్రమా కాదు, సందేహమూ కాదు, "గుర్రంలా ఉన్నది" అన్న పోలిక కూడా కాదు, నాలుగింటికీ భిన్నమైనది. రంగస్థలం మీది నటుణ్ణి రాముడిగా గ్రహించడం అటువంటిదేనన్నాడు. తెర మీది కారును కారుగా గ్రహించడమూ అటువంటిదే. ఆడేవాడు అది కారనుకుని మోసపోవడం లేదు, కాదనుకుని విసుగుచెందడమూ లేదు. బొమ్మగుర్రం నిజం గుర్రానికి ఎంత దగ్గరైతే అంత రసమని శంకుకుడు కూడా లెక్కగట్టలేదు. అయినా నటన అనుకరణే, రసం అనుమానం వల్ల తెలిసేదే అన్న అతని సిద్ధాంతాన్ని అభినవగుప్తుడి గురువు భట్టతోతుడు ఖండించాడు. అనుకరణ అని తెలియాలంటే అసలును చూసి ఉండాలి; రాముణ్ణి చూసినవాడెవడు? లూయిస్ హామిల్టన్ సీట్లో కూర్చున్నవాడెవడు? పొగను చూసి నిప్పును ఊహించడంలో జ్ఞానమున్నది గాని వెచ్చదనం లేదు. రసం ఆస్వాదన, పోలికలను సరిచూసే పని కాదు. గరాజు వాదులు ఉలవగుగ్గిళ్ళు ఉడికించి బొమ్మగుర్రం మూతికి అందిస్తున్నారు. గుర్రం నిజంలా కనబడాలంటే దానికి మేత కూడా పెట్టాలని వారి నమ్మకం.

పోలిక ఆనందాన్ని ఇస్తుందనేవారికి చాండ్లర్ వీధులే మరొక జవాబు చెబుతాయి. ఇక్కడ 2017 నుంచి వేమో సంస్థ చోదకుడి అవసరం లేని కార్లలో జనాన్ని తిప్పడం మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కిరాయి తీసుకుని నడిపే సేవను ఈ చుట్టుపక్కల ఊళ్ళలోనే ప్రారంభించింది. ఆ కార్లు రోడ్డు మీద తిరిగిన దూరం కన్న కంప్యూటరు లోపల తిరిగిన దూరం ఎన్నో రెట్లు ఎక్కువ. 2018 అక్టోబరు నాటికి రోడ్డు మీద కోటి మైళ్ళు. 2019 జూలై నాటికి అనుకరణలో 1,000 కోట్ల మైళ్ళు. ఆ అనుకరణ యంత్రానికి పెట్టుకున్న కార్‌క్రాఫ్ట్ అన్న పేరు కూడా ఒక ప్రసిద్ధ వీడియో ఆట పేరును తలపించేదే. అందులో చాండ్లర్ కూడళ్ళున్నాయి, ఎడమ మలుపులున్నాయి, అడ్డం వచ్చే సైకిళ్ళున్నాయి. మనుషుల ప్రాణాలు దాని కచ్చితత్వం మీద ఆధారపడి ఉన్నాయి గనక, వాస్తవికతలో గరాజు సిమ్‌లేవీ దాని ముందు నిలువవు. అయితే వెయ్యి కోట్ల మైళ్ళ ఆ ప్రయాణంలో ఆనందించినవాడు ఒక్కడూ లేడు. ఆనందించడానికి అందులో ఎవరూ కూర్చోలేదు. వాస్తవికత నుంచే ఆనందం పుట్టేదైతే, ప్రపంచంలోకెల్లా గొప్ప కారు ఆట చాండ్లర్ వీధుల మీద ఎవరూ ఆడకుండా నడిచిపోయిందని ఒప్పుకోవలసి వస్తుంది.

ఇక వాస్తవమే అవాస్తవపు ఆటను అనుసరించిన ఉదంతం ఒకటి ఉన్నది. నాస్కార్ పందాల్లో 2022 అక్టోబరు 30న వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ బాట మీద చివరి చుట్టు నడుస్తున్నది. ఫీనిక్స్‌లో జరగబోయే అంతిమ పందెంలో టైటిలుకు పోటీపడే నలుగురిలో చోటు దక్కాలంటే రాస్ చాస్టెయిన్ మరి రెండు స్థానాలు ముందుకు రావాలి. మామూలు దారిలో అది అసాధ్యం. అతడు ఐదవ గేరు వేసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, కారును బయటి గోడకు ఆనించి స్టీరింగ్ వదిలేశాడు. మలుపులో అందరూ వేగం తగ్గిస్తుండగా గోడ అతని కారును తిప్పుకుపోయింది. ఐదు కార్లను దాటాడు. ఆ చుట్టుకు పట్టిన కాలం 18.845 సెకన్లు, ఆ బాట మీద అంతకు ముందెవరూ అంత వేగంగా చుట్టలేదు. ఆ ఆలోచన ఎక్కడిదని అడిగితే, చిన్నప్పుడు గేమ్‌క్యూబ్ యంత్రం మీద ఆడిన నాస్కార్ 2005 ఆటలోదని చెప్పాడు. గోడను రాసుకుంటూ పోతే వేగం తగ్గకపోవడం ఆ కాలపు ఆటల్లోని ప్రసిద్ధమైన లోపం. సిమ్ పండితులు ఎగతాళికి వాడుకునే మొదటి ఉదాహరణ అదే. వారు అసాధ్యమన్నదాన్ని ఒక మనిషి నిజమైన కారుతో, నిజమైన గోడ మీద, తన ఒంటిని పణంగా పెట్టి చేసి చూపాడు. వారం తిరిగేసరికి ఫీనిక్స్ పందెంలో అతడు చాంపియన్‌షిప్ రెండవ స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడు మొదట్లో నాస్కార్ ఇటువంటి పనికి ఇకపై శిక్ష తప్పదని ప్రకటించింది. అంటే ఆ పనిని ఆపినది ప్రకృతి నియమం కాదు, ఆట నియమం.

ఈ ఉదంతం చెప్పే నీతి ఒకటున్నది. పిల్లవాడిగా చాస్టెయిన్ ఆ ఆటలో నేర్చినది టైరు గణితం కాదు; హద్దుల్ని తడిమిచూసే చనువు. ఆటకు ఆ చనువే ప్రాణం. సరిగ్గా నడపడం నేర్పే యంత్రం తప్పుగా నడిపితే ఏమవుతుందో చూద్దామన్న కుతూహలాన్ని చంపితే, అది పాఠశాల అవుతుంది. పాఠశాలలు కావాలి. కాని వాటిని ఆటలనడం అనవసరం.

ఇక్కడ ఎదుటిపక్షం తన బలమైన ఆయుధాన్ని తీస్తుంది. గ్రాన్ టురిస్మో ఆడి నిజమైన పందెగాడైన జాన్ మార్డెన్‌బరో లేడా? మాక్స్ వెర్‌స్టాపెన్ వంటి చాంపియన్లు ఇంట్లో సిమ్ ముందు గంటలు గడపడం లేదా? నిజమే. 2011లో ఆటలో గెలిచిన మార్డెన్‌బరో 2013లో ల మాన్‌లో తన తరగతిలో మూడవ స్థానం పొందాడు. సిమ్ సాధనకు పనికివస్తుందని దీనివల్ల రుజువవుతుంది. పనికిరావడం వేరు, ఆనందాన్నివ్వడం వేరు. కత్తిపీట వంకాయను తరుగుతుంది. ఆ కారణంగా అది గుత్తివంకాయ కూర కాదు. అదీగాక, ఆ జీవితాన్ని 2023లో నీల్ బ్లోమ్‌క్యాంప్ సినిమాగా తీసినప్పుడు జరిగినది గమనించదగినది. 2015లో నూర్బర్గ్‌రింగ్‌లో మార్డెన్‌బరో కారు ఎగిరిపడి ఒక ప్రేక్షకుడు మరణించాడు. సినిమాలో ఆ మరణాన్ని ల మాన్ విజయానికి ముందుకు జరిపారు, కథానాయకుడు కుంగి మళ్ళీ లేవడానికి మెట్టుగా. నిజగాథ అని ముద్రవేసుకున్న చిత్రం ఒక మనిషి చావును తన సౌకర్యం కొద్దీ రెండేళ్ళు వెనక్కి నెట్టింది. వాస్తవికత పేరుతో అమ్ముడయ్యే సరుకు వాస్తవాన్ని ఎంత తేలిగ్గా చూడగలదో చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

సాధన మాట వచ్చింది గనక, వైద్యవిద్య అనుభవాన్ని చూడాలి. అక్కడ అనుకరణ యంత్రాలు వినోదానికి కావు, ప్రాణాలకు సంబంధించినవి. నార్వేలో లేర్డాల్ సంస్థ 1960లో తయారుచేసిన రెసుసి ఆన్ బొమ్మకు రక్తం లేదు, మాట లేదు. ఛాతీ నొక్కడం, నోటితో ఊపిరి ఊదడం నేర్పడానికి ఎంత కావాలో అంతే ఉన్నది. ప్రపంచమంతా ఆ మూగబొమ్మ మీదే గుండెకు ప్రాణం పోయడం నేర్చుకున్నది. ఆ తరువాత లక్షల ఖరీదుతో కళ్ళు ఆర్పే, చెమట పట్టే బొమ్మలు వచ్చాయి. 2012లో జెఫ్ నార్మన్, అతని సహచరులు "మెడికల్ ఎడ్యుకేషన్" పత్రికలో పాత పరిశోధనలన్నీ సమీక్షించారు. గుండెచప్పుళ్ళు వినడంలోనూ, శస్త్రచికిత్సా నైపుణ్యంలోనూ, అత్యవసర చికిత్సలోనూ అచ్చంగా పోలిన యంత్రం మీద నేర్చినవారికీ, ముతక నమూనా మీద నేర్చినవారికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదని తేల్చారు. నేర్పవలసిన పనికి ఏది అవసరమో అది ఉంటే చాలు. తక్కిన పోలిక అలంకారం. చావుబతుకుల విద్యకే ఈ మాట చెల్లితే, ఆదివారం మధ్యాహ్నపు ఆటకు చెల్లదా?

అలాగని ఎదుటి కొసన నిలబడి, "ఆట కదా, ఏదో సరదా, దానికి నియమాలెందుకు" అనేవారిని సమర్థించడం కూడా సాధ్యం కాదు. వీరు వాస్తవికతతో పాటు కష్టాన్ని కూడా బయటికి గెంటేస్తారు. మీట నొక్కితే గెలుపు, ఓడితే ఓదార్పు బహుమానం, డబ్బు చెల్లిస్తే వేగం ఎక్కువ. వీటిలో ఆనందం లేదు, జోలపాట ఉన్నది. తత్త్వవేత్త బెర్నార్డ్ సూట్స్ 1978లో ప్రచురించిన "ద గ్రాస్‌హాపర్" గ్రంథంలో ఆటను నిర్వచించిన తీరు ఇక్కడ పనికివస్తుంది. ఆటంటే, అవసరం లేని అడ్డంకులను కోరి నెత్తినపెట్టుకుని దాటడానికి ప్రయత్నించడమని ఆయన భావం. ఇది తెలుగువారికి కొత్త కాదు. అవధానంలో నిషిద్ధాక్షరి ఏమిటి? పద్యం చెప్పడానికి ఆ నిషేధంతో ఏ అవసరమూ లేదు. అడుగడుగునా పృచ్ఛకుడు ఒక అక్షరాన్ని తోసిపుచ్చుతుంటే, ఆ ఇరుకులోంచి పద్యం బయటపడటం చూసి సభ పరవశించిపోతుంది. ఆ నిషేధం జీవితంలో దేన్నీ అనుకరించదు. అయినా దానిలో కఠినమైన ధర్మమున్నది, దాన్ని తప్పితే ఆట లేదు.

మారియో కార్ట్‌లోనూ ఆ ధర్మమున్నది. 1992లో మొదలైన ఆ వరుసలో తాబేటి చిప్పలు విసరడం, అరటితొక్కల మీద జారడం ఏ మోటారు పందెంలోనూ ఉండవు. కాని విసిరిన చిప్ప గోడకు తగిలి ఏ కోణంలో తిరిగివస్తుందో కాసేపు ఆడినవాడికి తెలుస్తుంది. మలుపులో ఎంతసేపు జారితే ఎంత ఊపు వస్తుందో వేళ్ళకు తెలుస్తుంది. చేసిన పనికీ వచ్చిన ఫలితానికీ మధ్య నమ్మదగిన సంబంధమున్నది. ఒకప్పుడు ఆంధ్రదేశపు ఇంటర్నెట్ సెంటర్లలో గంటకు ఇంతని కట్టి రోడ్ రాష్ ఆడిన తరానికి ఇది వివరించనక్కరలేదు. పక్క మోటారు సైకిలు మీదివాణ్ణి గొలుసుతో కొట్టడంలో భౌతికశాస్త్రం ఏమీ లేదు. కాని కొట్టడానికి పక్కకు వంగిన క్షణంలో ఎదురుగా వచ్చే కారును చూసుకోలేకపోతే ఎగిరిపడి, అంత దూరం నుంచి సైకిలు దగ్గరకు పరుగెత్తుకు రావాలి. దురాశకు తగిన శాస్తి. ఈ న్యాయమే అక్కడి వాస్తవికత.

అంటే ఆటలో వెదకవలసినది అనుకరణ కాదు, ఔచిత్యం. అభినవగుప్తుడి శిష్యుడు క్షేమేంద్రుడు పదకొండవ శతాబ్దంలో ఆ మాటను కావ్యానికి ప్రాణమని నిలబెట్టాడు. ఏది దేనికి తగినదో అది ఔచిత్యం. మొలనూలు మెడలో వేసుకుంటే నవ్వులపాలు. ఐరేసింగ్‌లో స్టీరింగు బరువు తగినది, ఎందుకంటే ఆ ఆట పణంగా పెట్టినది చేతి ఓర్పు. అక్కడ అరటితొక్క అనుచితం. మారియో కార్ట్‌లో అరటితొక్క ఉచితం, అక్కడ టైరు వేడిమి అనుచితం. తోలుబొమ్మలాటలో దీపం ముందు ఊగే రథానికి ఒక్క చక్రమున్నా రథమే. సురభి నాటకాల్లో మాయాబజారు ఆడుతుంటే తీగ మీద ఎగిరివచ్చే బాణాన్ని చూసి జనం చప్పట్లు కొడతారు; తీగ కనబడుతుందని ఎవరూ టిక్కెట్టు డబ్బు వెనక్కి అడగరు. ఊళ్ళో పాత సైకిలు టైరును కర్రతో కొట్టుకుంటూ, నోటితో "బుర్ర్"మంటూ పరుగెత్తే పిల్లవాడు ఇంజను చప్పుడును అనుకరిస్తున్నాడు గాని ఇంజనును కోరడం లేదు. మలుపులో టైరు పడిపోకుండా వంచడం అతని పందెం. ఆ వంపులో తప్పు చేస్తే టైరు నిజంగానే కింద పడుతుంది.

ఇంత స్పష్టమైన విషయంలో గరాజు వాదానికి అంత పట్టు ఎక్కడిది? దీని మూలం ఆటల్లో లేదు, తెలుగు మధ్యతరగతి మనస్సులో ఉన్నది. ఆ మనస్సుకు ఉత్త ఆనందం అంటే అపరాధం. చదరంగం నేర్పిస్తే లెక్కలు బాగా వస్తాయి గనక. సంగీతం నేర్పిస్తే ఏకాగ్రత పెరుగుతుంది గనక. స్పెల్లింగ్ పోటీకి పంపితే కాలేజీ దరఖాస్తులో రాసుకోవచ్చు గనక. ఏ ఆటకైనా ఉపయోగపు చీటీ ఉంటేనే గుమ్మం లోపలికి ప్రవేశం. ఇరవై ఏళ్ళు పనిచేసి, వీసా బెంగలు దాటి, ఇల్లు కట్టుకున్న మనిషికి నలభై అయిదో ఏట హాయిగా ఆడుకోవాలని ఉన్నది. ఆడుకుంటున్నానని ఒప్పుకోవడానికి సిగ్గు. అందుకే ఆటకు "సిమ్యులేటర్" అన్న ఉద్యోగపు చొక్కా తొడిగాడు. వేలాది డాలర్ల ఇనుము, మోటార్లు అతడు తన ఆనందానికి కట్టిన జరిమానా. ఇంతవరకు అది అతని సొంత వ్యవహారం, జాలిపడి ఊరుకోవచ్చు. ఆ సిగ్గును కొడుక్కు బదిలీ చేసి, వాడి సోఫా మీది నవ్వును తక్కువచేసిన క్షణంలో అది అందరి వ్యవహారమవుతుంది. ఆనందానికి సంజాయిషీ చెప్పుకోవాలని పదేళ్ళ వయసులో నేర్చినవాడు యాభై ఏళ్ళ వయసులో పద్యాన్ని కూడా సంజాయిషీ లేకుండా చదవలేడు.

సాహిత్యంలో ఈ జబ్బు ముదిరిపోయి చాలా కాలమైంది. వాస్తవికత పేరుతో తెలుగు కథ ఎన్నో మంచి పనులు చేసింది. మాట్లాడలేనివారి చేత మాట్లాడించింది, చూడనొల్లనివారికి చూపించింది. ఆ ఘనత దానిది. కాని వాస్తవికత ఒక పద్ధతి అన్న సంగతి మరచి దాన్ని గీటురాయి చేసిన నాటి నుంచి, సమీక్షకుల చేతిలో మిగిలినది తనిఖీ అధికారి చిట్టా. ఆ ఊళ్ళో ఆ యాస అదేనా? ఆ ఏడు ఆ ధర అంతేనా? ఈ ప్రశ్నలు అవసరమే, గ్రాండ్ ప్రీ లెజెండ్స్‌కు టైరు గణితం అవసరమైనట్టే. వాటికి జవాబు దొరికాక కూడా అడగవలసినది మిగిలే ఉంటుంది: ఈ కథలో ఒక పని చేస్తే దానికి తగిన ఫలితం ఉన్నదా? పాత్ర తీసుకున్న నిర్ణయానికి బరువున్నదా? రచయిత కట్టుకున్న నియమానికి రచయితే కట్టుబడ్డాడా? కట్టుబడితే జంతువులు మాట్లాడినా నిజమే. కట్టుబడకపోతే మండల కేంద్రం పేరు సరిగ్గా రాసినా అబద్ధమే.

కాబట్టి కారు ఆటను చూసి వేయవలసిన ప్రశ్న, అది నిజమైన కారులా ఉన్నదా అన్నది కాదు. ఇది ఏ కష్టాన్ని ఎంచుకున్నది? ఆ కష్టం పట్ల నిజాయితీగా ఉన్నదా? తప్పు చేసినవాడికి తప్పు తెలిసేలా, ఒప్పు చేసినవాడికి ఒళ్ళు పులకించేలా ఉన్నదా? ఈ పరీక్షకు ఐరేసింగ్ నిలుస్తుంది, మారియో కార్ట్ కూడా నిలుస్తుంది. గోడను గుద్దినా గీత పడని అద్దాల గది కారు నిలవదు, డబ్బులిస్తే గెలిపించే సెల్‌ఫోను ఆటా నిలవదు. గరాజులో ఉన్నవాడికి తన సిమ్ ఆనందాన్నిస్తే ఆడుకోనివ్వండి, ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే దాన్ని ఆట అని పిలిచే ధైర్యం చేయమనండి. అప్పుడు హాల్లో ఉన్నవాడితో తగవు ఉండదు. రెండో రిమోటు ఖాళీగానే ఉన్నది.